సీమపూల కుండీలు

జకరయ్య రెండో కడవ కూడా వరండా మెట్ల దగ్గర దించి, కొబ్బరిచిప్పతో కుండీల్లో నీళ్ళు వొంపుతున్నాడు. బంగళా బావి నీళ్ళు ఉప్పన. అందుకే రోజూ ఇసుకదిబ్బల అవతల చెలమ దాకా పోయి తీపినీళ్ళు తెస్తాడు. కాళ్ళు పగుళ్ళు బారాయి. కావడి మోసి మోసి మెడ ఒకపక్కకు ఒరిగిపోయింది. కోట ఊరి నుంచి సముద్రానికి పోయే దారిలో ఉన్న ఈ మిషను బంగళాలో తోటపని తప్ప అతనికి ఇంకో పని తెలియదు. అతన్ని ఎవరూ పొగిడిందీ లేదు, తిట్టిందీ లేదు.

వరండాలో పడకకుర్చీ మీద రెబెక్కమ్మ ఉంది. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి, నయాపైసలు వచ్చిన ఏడు పని మానుకుంది. ఇప్పుడు లేచే ఓపిక లేదు. కళ్ళకు పొరలు కమ్మి రంగులు తప్ప ఆకారాలు తెలియవు. మిగిలిన ఆ కాస్త చూపు కోసం, ఎండాకాలమంతా ఆగకుండా పూసే పూలు కావాలని పోరుపెట్టింది.

పాపం, జకరయ్య తక్కువ పాట్లు పడలేదు. బంతి పెడితే ఉప్పుగాలికి మాడింది. చేమంతి మొగ్గ తొడక్కుండానే పోయింది. సీతమ్మజడ కొన్నాళ్ళు నిగనిగలాడి తలవాల్చింది. మొక్క ఎండినప్పుడల్లా ఆమె, "దీని ఎనకే నేనూ," అని నవ్వేది. ఆ నవ్వు విని అతను మర్నాడే ఇంకో మొక్క తెచ్చేవాడు.

ఏడాది పొడుగునా పూసేది బిళ్ళగన్నేరు ఒక్కటే. కానీ ఆ ఊళ్ళో దాన్ని సమాధుల దొడ్డిలో తప్ప పెంచరు, గడప తొక్కనివ్వరు. ఆ ఎండలకు అక్కడా అన్నీ మాడిపోయి, పచ్చగా మిగిలింది ఒక్కచోటే. అది అతని భార్య కరుణాకుమారి సమాధి. రోజూ తానే నీళ్ళు పోసి పెంచిన మొక్కలవి.

ఒక సాయంత్రం వాటిని పెకలించి, తడిగోనెలో చుట్టి తెచ్చి, కుండీల్లో నాటాడు. "నెల్లూరు నించి తెప్పించిన సీమపూలమ్మా," అని అబద్ధమాడాడు. ఆనాటి నుంచి సమాధుల వైపు పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోతాడు? పెళ్ళాం మీద కప్పిన దుప్పటి లాక్కొచ్చిన దొంగ. పైగా జబ్బుమనిషి ఎదుట సమాధి పూలు పెట్టాడు. ఈ రెండు పాపాలూ కలిసి అతనికి అన్నం ముద్ద దిగనివ్వడం లేదు.

తెల్లారితే ఈస్టరు. ఊరంతా కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని సమాధుల దగ్గరికి పోతుంది. ఇవాళ చెప్పెయ్యాలని నిశ్చయించుకునే వచ్చాడు.

"జకరయ్యా, పూసినాయా?"

"పూసినాయమ్మా."

"ఎర్రెర్రగా కనపడతానే ఉండాయి. వీటిని చూసే నా పానం నిలిచుండాది."

అతను చిప్ప కింద పెట్టాడు. "అమ్మా, ఒక మాట..."

"నేనూ అదే చెప్పబోతుండా. రేపు కరుణ కాడికి పోవా? ఈ ఎండల్లో నీకు పూలేడ దొరకతాయి? ఇయ్యే కోసుకో, ఒక్కటీ మిగల్చబాక. నా చేతుల్లో పోయిన బిడ్డ గదా. నేనిచ్చినానని చెప్పు."

దిండు కింద నుంచి ఆసుపత్రి నాటి కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది.

ఎవరి పూలు ఎవరికి ఇస్తోంది ఈ తల్లి! జకరయ్య సిగ్గుతో కుంగిపోయాడు. కత్తెర కుండీ అంచున పెట్టి, "ఇంకో కడవ తెచ్చి కోస్తానమ్మా," అన్నాడు పిరికిగా. చెలమ దాకా పోయి వచ్చేలోపు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు.

తిరిగొచ్చేసరికి ఆమె ముఖం కుండీల వైపే ఉంది.

"అమ్మా, ఇయ్యి నెల్లూరు పూలు కాదు. మా కరుణ మీదియ్యి. దొంగిలించి తెచ్చినా," అన్నాడు కడవ దించకుండానే, మళ్ళీ ధైర్యం జారిపోతుందేమోనని.

ఆమె పలకలేదు. కోపమొచ్చిందనుకుని తిట్టు కోసం తల వంచుకుని నిలబడ్డాడు. ఎంతకీ మాట రాకపోతే తలెత్తాడు. ఆమె పెదవి మీద ఈగ వాలి ఉంది. ఆమె దాన్ని తోలుకోలేదు.

అప్పుడు కడవ దించాడు.

మర్నాడు ఆమెను కరుణ వరసలోనే పెట్టారు. జకరయ్య కుండీల్లో మొక్కలన్నీ వేళ్ళతో సహా తీసుకెళ్ళి సగం ఒకరికి, సగం ఒకరికి నాటాడు. కరుణకు సగమే తిరిగిచ్చానన్న బాధ మళ్ళీ మొదలైంది. వినకుండానే పోయిన రెబెక్కమ్మ సంగతి సరేసరి.

వరండాలో ఖాళీ కుండీ అంచున, ఒక్క పువ్వూ కొయ్యని ఆ కత్తెర ఉప్పుగాలికి తుప్పు పడుతూ అక్కడే ఉండిపోయింది.