బూరె మెడలో నేను

నేను ఒక మెడపట్టీని. గజ్జెలు కుట్టి కుక్కపిల్లకు ముద్దుగా కట్టే పట్టీ అనుకుని పొరపడకండి. నా లోపలి వైపు రెండు ఇనుప మొనలు ఉంటాయి. అవి బొచ్చు దాటి చర్మానికి ఆనేలా నన్ను బిగించాలి. దూరంగా ఎవరో రిమోట్ మీద బటన్ నొక్కితే ఆ మొనల్లోంచి కరెంటు చురుక్కుమంటుంది. నా ఉద్యోగం అంతే. నన్ను తయారుచేసిన వాళ్లు ఆ చురుకుకు 'ప్రేరణ' అని పేరు పెట్టి డబ్బా మీద అచ్చు వేయించారు. ఇలాంటి పేర్లు పెట్టడంలో మనుషుల తర్వాతే ఎవరైనా. డబ్బా మీద నవ్వుతున్న కుక్క బొమ్మ కూడా ఉంది. దాని మెడలో మాత్రం నేను లేను.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, రిమోట్‌తో కలిసి ఒకే డబ్బాలో హనుమకొండ చేరాను. రిమోట్ మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు ఎంచేది నేను కాదు. అటునుంచి ఎంత వస్తే అంత మెడకు అందించడమే నాకు తెలిసిన పని.

మొదట నన్ను వాడినవాడు క్రాంతి. కుక్కలకు శిక్షణ ఇచ్చే కుర్రవాడు. హైవే మీద లారీల వెంట పడే ఒక నల్ల కుక్కకు నన్ను కట్టాడు. కట్టే ముందు తన అరచేతికి ఆనించుకుని చూసుకున్నాడు. చిన్న అంకె, సరైన క్షణం, వెంటనే ఒక మెచ్చుకోలు. వారం రోజుల్లో ఆ కుక్క లారీని చూసి పక్కకు తప్పుకోవడం నేర్చింది. అది ఇంకా బతికి ఉందంటే నా వల్లే. ఈ మాట దాచిపెడితే నా కథ అబద్ధమవుతుంది.

ఆ తర్వాత సదానందం ఇంటికి వచ్చాను. ఆయన కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్. భార్య పద్మజ, పదేళ్ల కూతురు రుత్విక, బూరె. బూరె అంటే తినేది కాదు, వాళ్ల కుక్క. పిల్లప్పుడు గుండ్రంగా, నూనెలోంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా ఉండేదని రుత్విక ఆ పేరు పెట్టిందట. ఆ పిల్ల తప్ప ఇంకెవరు మెడ ముట్టుకున్నా అది ఒప్పుకునేది కాదు.

సాయంత్రం నాలుగున్నరకు స్కూలు వ్యాను సందు మలుపు తిరుగుతుంది. హారన్ వినపడగానే బూరె గేటు మీదికి ఎగిరి, రుత్విక దిగి బ్యాగు కింద పెట్టేదాకా మొరుగుతూనే ఉండేది. ఎదురింట్లో స్రవంతికి మూడు నెలల పాప. ఒకరోజు ఆమె వచ్చి మొహమాటంగానే చెప్పింది.

"అన్నా, ఏమనుకోకు. అప్పుడప్పుడే పండుకోవెడ్త, గప్పుడే ఇది మొరుగుతది. పాప ఉలిక్కిపడి లేస్తున్నది."

న్యాయమైన మాటే. సదానందం సిగ్గుపడ్డాడు. వెనక సందులో ఉండే ఓదెలును పిలిచాడు. ఓదెలు పోలీసు కుక్కల దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక సాయంత్రమంతా గేటు దగ్గర కూర్చుని చూశాడు.

"ఇది కోపం కాదు సారూ, బిడ్డ అచ్చిందని సంబురం. నోట్లె బాల్ ఉన్న కుక్కకు మొరుగరాదు. వ్యాను రాంగనే బాల్ నోట్ల వట్టుకోని కూసునుడు నేర్పుదాం. నెల పడ్తది. రోజు గా టైముకు మీల ఎవలన్న గేటు కాడ ఉండాలె."

నెల అనే మాట సదానందానికి నచ్చలేదు. క్రాంతికి ఫోన్ చేశాడు. క్రాంతి నన్ను తీసుకొచ్చేసరికి ఓదెలు కూడా అక్కడే ఉన్నాడు. గేటు దగ్గర ఇద్దరికీ మాటా మాటా అయింది.

"నేను గుడ బెత్తం పట్టినోన్నే తమ్మీ. నొప్పి తెలిసిన కుక్క మాట ఇంటది. కని మనిషి మొకం జూడది."

"కొట్టుడు వేరు, ఇది వేరు కాకా. లారీ కిందికి ఉరికే కుక్కను నీ బాల్ ఆపుతదా?"

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నిజం రెండు వైపులా ఉన్నప్పుడు మనిషి తనకు సులువైన వైపు నిలబడతాడని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

నన్ను, రిమోట్‌ను సదానందానికి అమ్మి వెళ్తూ క్రాంతి గట్టిగా చెప్పాడు. "సార్, వచ్చే వారం నేనొచ్చి నేర్పేదాక ముట్టొద్దు. ముందుగాల మాట నేర్పాలె, ఆ తర్వాతనే బటన్. అది మనిషిని చూస్తున్నప్పుడు అస్సలు ఒత్తొద్దు."

సదానందం నవ్వాడు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషి. "కరెంటు సంగతి నాకు చెప్తడా వీడు" అని భార్యతో అన్నాడు. నెల రోజులు గేటు దగ్గర నిలబడలేని మనిషి, మర్నాటి నుంచే మూడు రోజులు సెలవు పెట్టాడు.

ఒక చిక్కు ఉంది. బూరె మెడకు నన్ను ఎవరు కట్టాలి? రుత్విక ఒక్కతే కట్టగలదు. అసలు సంగతి చెబితే ఆ పిల్ల కట్టదు. అందుకని సదానందం కూతురికి అబద్ధం చెప్పాడు.

"ఇది కొత్త బెల్టు బిడ్డా. బూరె తప్పిపోతే యాడున్నదో తెలుస్తది. టైటుగ పెట్టాలె. ఒక్క వేలు దూరేటంతనే సందు ఉండాలె."

రుత్విక ఎంత జాగ్రత్తగా కట్టిందో! బొచ్చు రెండు పాయలుగా విడదీసి, మొనలు సరిగ్గా ఆనేలా సర్ది, చూపుడు వేలు దూర్చి చూసి, బూరె నెత్తి మీద ముద్దు పెట్టి స్కూలుకు వెళ్లింది. ప్రతి ఉదయం అలాగే చేసింది. నాకు నోరు లేదు. ఉన్నట్టయితే ఆ మొదటి ఉదయమే అరిచేవాడిని.

సాయంత్రం వ్యాను వచ్చింది. సదానందం పైన బాల్కనీలో నిలబడి రిమోట్ రెండు అంకె మీద పెట్టి నొక్కాడు. బూరె ఉలిక్కిపడి ఇంకా గట్టిగా మొరిగింది. నాలుగు మీద పెట్టి నొక్కాడు. కీచుమంది. రెండో రోజు ఒకసారి మొరిగి ఆగింది. మూడో రోజు గొంతే ఎత్తలేదు. స్రవంతి గిన్నెలో పాలకోవా పంపింది. సదానందం క్రాంతికి రావద్దని చెప్పి, రిమోట్ పద్మజ చేతికిచ్చి డ్యూటీకి వెళ్లిపోయాడు.

వాళ్లకు కనపడింది నిశ్శబ్దం. మెడ మీద ఉన్నవాడిని కాబట్టి నాకు తెలిసింది వేరు. నాలుగుంపావు అయ్యేసరికి ఆ మెడలో నాడి దడదడలాడేది. మొరగకూడదని బూరె నేర్చుకోలేదు. అది బటన్‌ను చూడలేదు, బాల్కనీ వైపు చూడలేదు. వ్యాను దిగుతున్న రుత్వికను చూసింది, అప్పుడే మెడ కాలింది. పైగా ఆ కాల్చే వస్తువును రోజూ తెచ్చి కట్టేదీ ఆ చేతులే. బూరె నేర్చుకున్న పాఠం రుత్విక.

వారం తిరిగేసరికి హారన్ వినగానే మెట్ల కిందికి పోయి దాక్కోవడం మొదలుపెట్టింది. ఉదయం నన్ను పట్టుకుని ఆ పిల్ల వస్తే గోడ వైపు ముఖం తిప్పుకునేది. వణుకుతూనే మెడ ఇచ్చేది.

"మమ్మీ, బూరెకు నా మీద కోపమొచ్చిందా? నేనేం జేసిన?"

"ఏం లేదే, పెద్దగైతున్నది. అల్లరి తగ్గింది" అంది పద్మజ, రిమోట్ కొంగు చాటుకు జరుపుకుంటూ.

ఒక శనివారం సదానందం ఇంట్లో ఉన్నాడు. రుత్విక వ్యాను దిగి, తన టిఫిన్ డబ్బాలో దాచుకొచ్చిన బిస్కెట్ పట్టుకుని మెట్ల కిందికి పాకింది. "దా బూరే, నాతోని మాట్లాడు" అంటూ చెయ్యి చాపింది. బూరె గుర్రుమంది. దగ్గరికి రావద్దని బతిమాలడానికి దానికి మిగిలింది ఆ ఒక్క చప్పుడే. సదానందానికి మాత్రం కూతురి మీద కుక్క తిరగబడినట్టు వినపడింది. ఆ పిల్లను కాపాడాలనే, రిమోట్ అందుకుని పది మీద పెట్టి నొక్కాడు.

నాలోంచి వెళ్లగలిగినంతా వెళ్లింది. బూరె ఎదురుగా ఉన్న చేతిని కరిచింది.

మణికట్టు మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఓదెలు పరుగున వచ్చాడు. "నాకియ్యుండ్రి సారూ, నా తాన ఉంచుకుంట" అని చేతులు పట్టుకున్నాడు. పద్మజ ఒప్పుకోలేదు. "వెనక గల్లీలనే ఉంటే బిడ్డ బయటికెట్ల పోవాలె కాకా?" అంది. తల్లి మాట, ఏమనగలం! పరకాల దిక్కున ఉన్న ఒక కోళ్లఫారం వాళ్లకు బూరెను ఇచ్చేశారు. మూతి కట్టి వాళ్ల వ్యాను ఎక్కించే ముందు నన్ను విప్పి చెప్పుల స్టాండు వెనక పడేశారు.

రెండు నెలల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, బూట్లు వెతుకుతూ రుత్విక నన్ను చూసింది. పక్కనే డబ్బా, రిమోట్. డబ్బా మీద రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది. తర్వాత నన్ను తన మణికట్టు మీద, కుట్ల మచ్చ మీదే చుట్టుకుంది. ఒక వేలు దూర్చి చూసుకుంది. వద్దు తల్లీ అని ఎంత మొత్తుకున్నానో నాకే తెలుసు. రిమోట్ ఇంకా పది మీదే ఉంది. నొక్కింది.

కేక విని సదానందం ఉరికి వచ్చాడు. పిల్ల ఏడవలేదు. చేతిని ఒళ్లో పెట్టుకుని తండ్రి ముఖంలోకి చూసింది.

"డాడీ, రోజు పొద్దుగాల దీన్ని పెట్టింది నేనే గద?"

ఆయన నన్ను ఆ చేతి నుంచి విప్పాడు. తర్వాత కోళ్లఫారానికి ఫోన్ కలిపాడు. అవతలి మాట నాకూ వినపడింది. "అది అచ్చిన నాలుగో దినమే పోయింది సార్. రోడ్డు మీద స్కూలు పిల్లలు కనవడంగనే తాడు తెంపుకోని ఉరికింది. మల్ల రాలే." పది రోజులు ఆ ఊళ్లన్నీ తిరిగారు. దొరకలేదు.

రుత్విక నన్ను ఓదెలుకు ఇచ్చింది. ఇంకెవరికీ ఇవ్వవద్దంది. గడప దాటబోతూ ఆగి అడిగింది.

"తాతా, నీ బాల్‌తోని నిజంగ మొరగకపోతుండెనా?"

ఓదెలు అబద్ధమాడలేకపోయాడు. "నెల పడుతుండె బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు ఆయన కిటికీ దగ్గరున్న రేకు డబ్బాలో, పాత ఈలల మధ్య పడి ఉన్నాను. నాలుగున్నరకు వ్యాను హారన్ ఇక్కడికీ వినపడుతుంది. రుత్విక దిగుతుంది, గేటు తీసుకుంటుంది, బ్యాగు కింద పెడుతుంది. ఏ చప్పుడూ ఉండదు. ఎదురింట్లో పాప హాయిగా నిద్రపోతూ ఉంటుంది.