దాగలి బాకీ

దాగలి లేకుండా ఎవడైనా దాగలి చేయగలడా? ఈ అనుమానం వీరభద్రాచారిని ఏళ్ల తరబడి తొలుస్తూనే ఉంది. కొలిమిలో ఇనుము పెట్టి సాగగొట్టే ఆ దాగలిని తానే చేశానని వాళ్ల నాయన చెప్పుకునేవాడు. ఎర్రగా కాగిన అంత పెద్ద ఇనుపదిమ్మను దేని మీద పెట్టి కొట్టాడో మాత్రం చెప్పేవాడు కాదు.

వేరెవరో చేసి ఉంటే వాళ్లకు బాకీ పడినట్టే. ఆలూరు పక్క కమ్మరివాళ్ల కట్టుబాటు అది. కొత్త దాగలి మీద సాగగొట్టిన తొలి పనిముట్టును, ఆ దాగలి చేసినవాని ఇంటికి స్వయంగా నడిచిపోయి ఇచ్చి రావాలి.

ఇప్పుడు వీరభద్రాచారికి భుజం లేవడం లేదు. నాగళ్లూ లేవు, పనీ లేదు. దాగలిని ఆదోనిలోని అల్లునికి ఇచ్చి కొలిమి మూసేద్దామనుకున్నాడు. కానీ బాకీ ఉన్న వస్తువును ఇంకొకరి చేతిలో ఎట్లా పెట్టేది?

నాయన కాలం నుంచీ శుక్రవారం శుక్రవారం పూసిన నూనె, పసుపు దాని పక్కల అట్టలు కట్టి ఉన్నాయి. భార్య ఉరుకుందమ్మ చింతపండు, బూడిద తెచ్చింది.

"అమ్మవారి పసుపే, గీకొద్దు" అన్నాడు.

"మురికితో పంపితే అల్లుడు నిన్నేమీ అనడు, నన్నే అంటాడు. జరుగు."

తోమగా తోమగా, పసుపు అన్నిటికంటే మందంగా ఉన్నచోట ఉలితో కొట్టిన సిలువ గుర్తు, దాని కింద మూడు చుక్కలు బయటపడ్డాయి. వీరభద్రాచారి వంగి దాన్ని వేలితో తడిమాడు. ప్రతి ఎండాకాలం తాను పదును పెట్టే జీవమ్మ గడ్డపార మీద ఉన్నది ఆ గుర్తే. ఏదో అంగడి గుర్తనుకున్నాడు ఇన్నాళ్లూ.

సాయంత్రం ఊరి బయట, చర్చి వెనక గేరిలో ఉన్న ఆమె ఇంటికి పోయాడు. ముసలామె వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది.

"మా మామ ఓబన్న గుర్తప్పా అది. శ్రీశైలం డ్యాం పనిలో కమ్మరం నేర్చినాడు. మీ నాయన అడిగితే ఆడనే చేసి లారీలో తెచ్చినాడు."

"మా నాయన తొలి పనిముట్టు తెచ్చియ్యలేదా?"

"మా గేరిలో కాలు పెట్టాల కదప్పా. మా మామ శానా దినాలు చూసి, ఊరకుండిపోయినాడు."

"నువ్వన్నా చెప్పకపోతివే."

"చెప్పింటే నా గడ్డపార మొద్దుగానే ఉండిపోయుండేది."

దీపం పెట్టనిదే మెతుకు ముట్టని నాయనకు ఈ వీధి ఎందుకంత దూరమైందో వీరభద్రాచారికి అర్థం కాలేదు. ఆ గుర్తు మీదే పసుపు అంత మందంగా ఎందుకు పూశాడో అడుగుదామన్నా ఆయన లేడు. దేవుణ్ణి అడిగాడు.

మరునాడు కొలిమి రాజేశాడు. ఉరుకుందమ్మ తిత్తి ఊదింది. ఆగి ఆగి సమ్మెట ఎత్తుతూ, పొద్దు వాలేసరికి కొడవలి ఒకటి సాగగొట్టాడు. చల్లారాక తీసుకుని జీవమ్మ ఇంటికి నడిచాడు.

"తొలిది కాదు, కడపటిది. తీసుకో జీవమ్మా."

"నమిలేదానికే పండ్లు లేవు, కోసేదానికి కొడవలా?" అంటూనే ఆమె చెయ్యి చాచింది. వేపరెమ్మ మీద పదును చూసింది.

"మా మామైతే ఇంకొంచెం సాన పట్టమనేటోడు" అని, కొడవలిని చూరులో దోపింది.