అదుండ్లా

అంకాలమ్మ వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ఇంకా పొయ్యి రాజెయ్యకముందే లోపలినించి అత్త గొంతు వినపడేది.

"అదుండ్లా మే, అది... దాంతో ముంచుకోని తాగుతామే!"

"చెంబు, అత్తా" అనేది అంకాలమ్మ, చీపురు కింద పెట్టకుండానే. అప్పుడుగానీ చెంబులో నీళ్ళు నిలిచేవి కావు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఆ చేపలోళ్ళ కుప్పంలో అందరికీ తెలిసిన సంగతే. మాలకొండమ్మ ఏ వస్తువు పేరు మర్చిపోయి 'అదుండ్లా' అన్నా, ఎవరో ఒకరు ఆ పేరు చెప్పేదాకా అది తన పని మానేసేది. ఉప్పు కూరలో పడేది, కూర చప్పగానే ఉండేది. దీపం మండేది, ఇల్లు చీకటిగానే ఉండేది. దానికెవరూ నోళ్ళు నొక్కుకోలేదు. కొందరి చేతికి మొక్క బతకదు, ఈమె నోటికి ఇదీ, అనుకున్నారు.

కష్టమల్లా ఆ 'అది' ఏదో కనుక్కోవడమే. అంకాలమ్మకి ఇట్టే తట్టేది. కొత్తలో అందరూ మెచ్చుకుంటే మురిసిపోయింది. ఆ మెప్పే మెళ్ళో పలుపైందని తర్వాతగానీ తెలియలేదు.

పెళ్ళైన రెండో ఏడు చెల్లెలి సీమంతానికని పుట్టింటికి పోయింది. ఆ మధ్యాహ్నం మాలకొండమ్మ ఒంటరిగా ఒడ్డున కూర్చోని, "మావాడు అదుండ్లా, దాంట్లో పోయినాడు" అని తనలో తాను అనుకునింది. విన్నవాళ్ళు లేరు. నీళ్ళు లోతుగా ఉన్నచోట ఆమె కొడుకు చిన్నపోలయ్య ఎక్కిన పడవ రాయిలాగా మునిగింది. పక్క పడవలో ఉన్న గంగులయ్య దూకి, అతని జుట్టు పట్టి లాక్కొచ్చినాడు.

చిన్నపోలయ్య మళ్ళీ నీళ్ళలో దిగలేదు. గూడూరు స్టేషన్లో రైలుకెక్కించే చేపల గంపలకి ఐసు కొట్టే పనిలో చేరినాడు. అంకాలమ్మ అత్త పిలుపు వినపడే మేర దాటడం మానేసింది. బావిలో కడవ ముంచుతున్నా చెవి ఇంటి వైపే. నిద్రలో కూడా "జల్లెడ, అత్తా" అని పలవరించేది. ఎదురుగా కనుచూపు మేరా నీళ్ళే. శ్రీహరికోట నించి వంటకట్టెలు మోసే పడవలు తెరచాపలెత్తి మద్రాసు దిక్కు పోతా ఉండేవి. వాటిని చూడకుండా ఉండటానికి వీపు తిప్పుకోని చేపలు కడిగేది.

ఒక ఎండాకాలం చిన్నపోలయ్య వచ్చినాడు.

"గూడూరులో గది చూసినాను అంకాలా. ఈసారి నువ్వు రాకుంటే నేనూ ఇంక రాను. చుట్టంలాగా వచ్చిపోయే మొగుడెందుకు నీకు?"

"నేనొస్తే మీ అమ్మ గతేంది? పైకి చూసి అదుండ్లా అంటే కప్పు ఆమె నెత్తినే కదా పడేది?"

"ఆమెనీ తీసకపోదాం."

"స్టేషన్ పక్కన పెట్టుకోనా? రైలుని చూసి ఆ మాట అంటే?"

అరుగు మీద ఎండుచేపలు ఏరుతున్న మాలకొండమ్మకీ, పక్కింటి పేరమ్మకీ ఈ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"బస్సు వచ్చేదాకా కట్ట మీద ఉంటా" అని చిన్నపోలయ్య సంచీ తీసుకోని పోయినాడు.

అంకాలమ్మ ఏడవలేదు. అత్తకి అన్నం పెట్టింది. మాలకొండమ్మ తిని, చెయ్యి కడుక్కోని, ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

"పేరమ్మా, అదుండ్లా... కొడుకు పెళ్ళాడితే ఇంటికొస్తదే... నాకు మాటలన్నీ అందిస్తదే... దాన్నేమంటారు?"

'కోడలు' అనే మాట అలవాటు కొద్దీ అంకాలమ్మ పళ్ళ దాకా వచ్చింది. అంతలోనే భుజం మీదినించి కావడి దించినట్టయింది. చేతిలో గరిటె తనది కాదన్నట్టు తేలిగ్గా ఉంది. నోరు మూసుకోని పేరమ్మ వైపు చూసింది.

పేరమ్మకి ఇద్దరు కోడళ్ళు. ఆమెకి రాని మాట కాదు.

"ఏమో, నాకూ తట్టడం లేదు" అని పేరమ్మ చేపల మీదికి వంగింది.

"ఎవరు మే నువ్వు?" అనింది మాలకొండమ్మ.

"అంకాలమ్మని."

"ఎవరి బిడ్డవో అంకాలమ్మా. తిన్నావా?"

"తిన్నా."

"అయితే పో. మీవాళ్ళు ఎదురుచూస్తా ఉంటారు."

అంకాలమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. అక్కడ మరుపే ఉందో, ఇంకేమైనా ఉందో తెలుసుకోవాలనుకోలేదు. తెలిస్తే కాలు కదలదు. గరిటె గిన్నెలో పెట్టింది. "పో మే, నేనుండా" అనింది పేరమ్మ, తలెత్తకుండా.

ఇసకలో కొంత దూరం నడిచిందో లేదో, వెనకనించి వినపడింది.

"అదుండ్లా పేరమ్మా, అది... ఉక్కపోస్తే ఊపుకుంటామే!"

"చాటా? గుడ్డా?" అంటా ఉంది పేరమ్మ.

అంకాలమ్మకి తెలుసు. పెదవి కొరుక్కోని నడిచింది. కట్ట ఎక్కినా, చిన్నపోలయ్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నా, బస్సులో పక్కన కూర్చోబెట్టి "ఏంది, మాట్లాడవా?" అని అడిగినా, ఆమె నోరు తెరవలేదు. ఆ విసనకర్ర ఇంకా నాలిక మీదే ఉంది.