నోరు కట్టుకున్న అక్క

నేను పిరికిదాన్ని. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. బల్లి మీద పడితే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. "నీ నీడని చూసి నువ్వే జడుసుకుంటావు, నీతో ఎలా వేగనే" అని మా అక్క కొట్టుకి వచ్చిన వాళ్ళందరి ముందూ అంటుంది. అసలు అక్క అనని మాటంటూ ఏదీ లేదు. పొద్దున షట్టరు పైకి లేపేటప్పుడు మొదలైన వాగుడు, రాత్రి కిందికి దించేదాకా ఆగదు.

మాది బట్టలు కుట్టే కొట్టు. అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. పెద్ద బల్ల అక్కది, మిషను నాది. ఊళ్ళో వాళ్ళ కాపురాలన్నీ నోటితో చక్కబెడుతూ, చేత్తో కత్తెర నడిపిస్తుంది. అంత మాటల్లోనూ ఆ కత్తెర గీత దాటడం నేను చూడలేదు.

అక్కకి షుగరు ఉంది. ఈ సంగతి నాకూ బావకీ తప్ప పిట్టక్కూడా తెలియదు. తెలిస్తే జనం జాలిగా చూస్తారట, తన కత్తెర చేతిని కూడా అనుమానంగా చూస్తారట. పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర వేసుకుంటుంది. అదీ ఎవరూ చూడకుండా, దొంగతనం చేసినట్టు.

చలి వెళ్ళిపోయి ఎండ ముదురుతున్న రోజుల్లో యోగా టీచరమ్మ లూజు ప్యాంట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. ఆవిడ ఏడాదికి రెండుసార్లు, కాలం మారేటప్పుడు, మూడు రోజులు తిండి మానేసి ఉత్త నిమ్మకాయ నీళ్ళ మీద ఉంటుందట. ఇంటికి బూజు దులుపుకుంటాం కదా, ఒంటికి అక్కర్లేదా అంది. అక్క కళ్ళు మెరిశాయి. బూజు అన్న మాట చాలు, మా అక్క చీపురు తీస్తుంది. ఆ మూడు రోజులూ నోరు కట్టుకోవాలి సుమా అని టీచరమ్మ నవ్వింది. ఒంట్లో ఏమైనా నలతలున్నాయా, మందులేమైనా వాడుతున్నారా అని కూడా అడిగింది. నాకేం రోగం, గుండ్రాయిలా ఉన్నాను అంది అక్క. నేను మిషను మీద తల వంచుకుని, సూదిలోకి ఎక్కి ఉన్న దారాన్నే మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ వెళ్ళాక, డాక్టరుని ఒక మాట అడుగుదామక్కా అన్నాను. అడిగితే వద్దంటాడు, అందుకే అడగను అంది. ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

అంతటితో ఊరుకుంటే మా అక్క ఎందుకవుతుంది? నోరు కట్టుకోవడమంటే తిండీ మాటా రెండూ అని తీర్మానించింది. తిండి గురించే ఆవిడ అన్నదని నేను నెత్తీనోరూ బాదుకున్నాను. "కట్టుకుంటే పూర్తిగా కట్టుకోవాలి. సగం కట్టుకోవడానికి ఇదేమైనా సంచి మూతా?" అంది. తర్వాత నా మొహం చూసి, ఈ పిరికిది మధ్యలో తన పట్టు చెడగొట్టేస్తుందని అనుమానం వచ్చిందో ఏమో, నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది.

"మూడు రోజులు నాతో మాట్లాడించినా, తినిపించినా నా మీద ఒట్టే" అంది.

ఒట్టు తప్పితే ఎవరి మీద పెట్టుకున్నామో వాళ్ళు పోతారని చిన్నప్పుడు నాకు చెప్పింది అక్కే. తను ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. నేను మర్చిపోయే రకం కాదు.

మొదటి రోజు బాగానే నవ్వుకున్నాం. వచ్చిన వాళ్ళకి అక్క చేతులు తిప్పి సైగలు చేస్తే, ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. నన్ను పిలవాలంటే కత్తెరతో బల్ల మీద కొట్టేది. లారీ తీసుకుని దూరం వెళ్ళిన బావకి ఫోను చేసి చెబితే, మూడు రోజులెందుకు, ముప్పై రోజులు ఉండమను, పుణ్యం ఉంటుంది అన్నాడు.

కానీ సాయంత్రానికి ఆ నిశ్శబ్దం నన్ను తినేయడం మొదలుపెట్టింది. మిషను ఆపితే చాలు, కొట్టంతా బోసిగా అయిపోయేది. అక్క మాటల హోరులో నా భయాలు నాకే వినపడేవి కావు కాబోలు, ఇప్పుడు ఒక్కొక్కటీ వచ్చి నా పక్కన కూర్చున్నాయి. అక్క చెయ్యి కొంచెం వణికితే ఇటు నేను మిషను ఆపేసేదాన్ని. నీరసంగా ఉందా అక్కా అంటే, వేలు పెదవి మీద పెట్టుకుని, ఆ వేలుతోనే తన నెత్తి చూపించేది. ఒట్టు గుర్తుంచుకో అని.

రెండో రోజు పొద్దున మాత్ర వేసుకున్నావా అని అడిగాను. అక్క గర్వంగా ఖాళీ అయిన మాత్ర గూడు తీసి చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తినకపోతే మానె, మందు మానలేదు కదా, ఇంక భయమేముంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మధ్యాహ్నం ఒక పొడుగు చేతుల చొక్కా కుడుతున్నాను. ఒక చెయ్యి ఎక్కించి రెండోది తీసుకుంటే, చంక దగ్గర వంపు కలవడం లేదు. తిప్పి చూశాను, బోర్లా వేసి చూశాను. రెండూ కుడిచేతులే. అప్పుడే కత్తెర పట్టినవాళ్ళు చేసే తప్పు అది. బట్ట మడత తిప్పకుండా ఒకే వైపు రెండుసార్లు కత్తిరిస్తే అలా వస్తుంది. అక్క అలా కత్తిరించడమా? పైగా ఇంకెవరైనా చేస్తే ఆ కథ వారం రోజులు చెప్పుకుని నవ్వే మనిషి.

లేచి వెళ్ళి చొక్కానీ, మిగిలిన చేతినీ అక్క ముందు పెట్టాను. చూసి నవ్వింది. తప్పు చేసిన మనిషి నవ్వు కాదది. ఎవరో పరాయివాళ్ళ పాపాయిని చూసి నవ్వినట్టు, మెత్తగా నవ్వింది.

"అక్కా, బాగానే ఉన్నావా?"

నా మొహంలోకి చూసింది. పెదాలు కాస్త కదిలినట్టే కదిలి ఆగిపోయాయి. కళ్ళు పెద్దవి చేసింది. మాట్లాడించకు అంటోందనుకున్నాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చూపు. ఒట్టు తప్పిస్తున్నానని కోపమొచ్చిందనుకున్నాను, వెనక్కి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. కుట్టలేదు. చక్రం మీద చెయ్యి వేసుకుని అక్కనే చూస్తూ కూర్చున్నాను.

అక్క మెడలోంచి టేపు తీసి బల్ల మీద తిన్నగా పరిచింది. కత్తెర తీసుకుంది. టేపుని కత్తిరించడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, ఒక్కొక్క ముక్కా, ఎంతో శ్రద్ధగా.

నేను ఎగిరి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. తడిగా ఉంది. ఫ్యాను కిందే ఉన్న మనిషికి చెమటతో బట్ట వీపుకి అతుక్కుపోయి ఉంది. అప్పుడు నిజంగా భయమేసింది. అంతవరకూ నేను పడ్డ భయాలన్నీ ఉత్త అలవాటు. ఇది వేరు. ఇది నోరెండిపోయే భయం. మాట్లాడిస్తే ఒట్టు తప్పి అక్క పోతుంది, మాట్లాడించకపోతే ఇదిగో, కళ్ళ ముందే పోతోంది.

"ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నానక్కా. ఒక్క మాట మాట్లాడు. నన్ను తిట్టు."

అక్క బల్ల పట్టుకుని అలాగే మెల్లగా కిందికి జారిపోయింది.

పక్కనే మందుల షాపు. వీధి మధ్యలో నిలబడి, మా అక్కకి షుగరు, మా అక్కకి షుగరు అని కేకలు పెట్టాను. ఇన్నేళ్ళు దాచినది ఆ పూట వీధి వీధంతా వింది. షాపతను వేలు గుచ్చి షుగరు చూసే మిషను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గుచ్చినా అక్క చెయ్యి లాక్కోలేదు. మిషను మీద పడిన అంకె చూసి, ఏం తిన్నారని అడిగాడు. నిన్నట్నుంచి పంచదార లేని నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏమీ లేదన్నాను. మరి మాత్రలో అన్నాడు.

"మాత్రలు ఒక్క పూట కూడా మానలేదన్నా" అన్నాను, అక్క తరఫున మంచిమాట ఒకటి చెబుతున్నట్టు.

అతని మొహం పాలిపోయింది. "తిండి లేకుండా అవి వేసుకుంటే, ఒంట్లో ఉన్న కాస్త చక్కెరనీ ఊడ్చేస్తాయమ్మా" అన్నాడు.

అక్కని పక్కకి తిప్పి పడుకోబెట్టి, బుగ్గ లోపల తడిపిన పంచదార రాశాడు. నేను నీళ్ళు పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు, పొలమారుతుందని. అంబులెన్సు వచ్చేదాకా నేను అక్క పాదాలు రుద్దుతూనే ఉన్నాను. ఎందుకు రుద్దానో నాకు తెలియదు. వదిలేస్తే వెళ్ళిపోతుందనిపించింది.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అంది డాక్టరమ్మ. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు అడక్కుండా ఇలాంటివి చెయ్యకూడదని మెత్తగానే చెప్పింది, అరిచినా బాగుండేది. సంగతి తెలిసి టీచరమ్మ పరుగున వచ్చింది. నేను నోరు కట్టుకోమన్నది తిండి సంగతేనండీ, మాట సంగతి కాదండీ అని గోడకి ఆనుకుని ఏడ్చింది. ఫోనులో బావకి చెబితే, అక్కడికక్కడే లారీ వెనక్కి తిప్పాడు.

దీపాలు పెట్టే వేళకి అక్క కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది, చేతికున్న సూది చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను దగ్గరికి వంగాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"ఎందుకే అలా చేశావు?" అంది. గొంతు బొంగురుగా ఉంది.

"ఏం చేశానక్కా?"

"చక్కెర పెట్టమని చెప్తూనే ఉన్నాను కదా. నీ మొహంలోకి చూసి మరీ చెప్పాను. నువ్వేమో బాగానే ఉన్నావా, బాగానే ఉన్నావా అని అదే అడుగుతావు. కళ్ళు తిరుగుతున్నాయే, ఒట్టూ లేదు గిట్టూ లేదు, ముందు చక్కెర పెట్టు అన్నాను. వెళ్ళి మిషను ముందు కూర్చున్నావు."

అక్క కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. మా అక్క భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

"చివరికి అరిచాను కూడా" అంది.

నేను అక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, తప్పయిపోయిందక్కా అన్నాను. ఆ వేళ కొట్టు ఎంత నిశ్శబ్దంగా ఉందో మాత్రం చెప్పలేదు.