డబ్బాలో నడిచే అమ్మమ్మ

విరిగిన కాలు అతుక్కున్నా అమ్మమ్మ మంచం దిగనంటోంది. ఎలాగైనా ఆమెను నడిపించాలని మనవరాలు పిట్ట పంతం పట్టింది. గుండ్రటి అట్టడబ్బాకు చుట్టూ సన్నని చీలికలు కోసి, కాగితం పట్టీ మీద అమ్మమ్మ నడకను చీలికలెన్నో అన్ని వరుస బొమ్మలుగా గీసి లోపల అమర్చింది. డబ్బా తిప్పితే, చీలికల్లోంచి బుల్లి అమ్మమ్మ చేతికర్ర ఊపుతూ నడుస్తూ కనిపించింది.

“ఎంత నడిచినా ఉన్నచోటే ఉందిగా! దానికన్నా నేనే నయం, హాయిగా పడుకున్నాను,” అంది అమ్మమ్మ.

పిట్ట ముఖం చిన్నబోయింది. మర్నాడు మరో పట్టీ గీసింది. కంగారులో చీలికలకన్నా ఒక బొమ్మ ఎక్కువైంది. చెరిపే ఓపిక లేక అలాగే పెట్టి తిప్పింది.

ఈసారి బుల్లి అమ్మమ్మ ఉన్నచోట ఉండలేదు. కిటికీ వెలుగులో, నీళ్లమీద తేలే ఆకులా, నడుస్తూనే మెల్లగా పక్కకు సాగిపోయింది.

“ఓసి నీ దుంపతెగ! నన్నొదిలి ఎక్కడికే?” అంటూ అమ్మమ్మ దానివెంట ఒరిగింది. ఇంకాస్త ఒరిగింది.

“నాకేం తెలుసు? నువ్వే పిలిచి చూడు,” అంది పిట్ట.

డబ్బా నెమ్మదించేసరికి అమ్మమ్మ పాదాలు రెండూ నేలమీదున్నాయి. ఆ సంగతి ఆమెకే తెలియదు. పిట్ట ఏమీ చూడనట్టు డబ్బాను కాస్త దూరంగా జరిపి, మళ్లీ తిప్పింది.