రెండు కప్పులు, ద్రాక్ష సోడా

ఆ వేసవిలో హ్యూస్టన్ దక్షిణాన సన్నీసైడ్‌లో ఏ కారు అద్దం దించినా జరీసా పాటే. పదిహేడేళ్ల పిల్ల. "రెండు కప్పులు, నాలుగు పోతలు" అంటూ మొదలయ్యే ఆ ర్యాప్‌లో ఊదారంగు దగ్గుమందు సోడాలో కలుపుకుని తాగి, లోకమంతా నత్తనడక నడుస్తుంటే తాను రాణిలా కూర్చున్నట్టు పాడింది. వీడియోలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు తెల్ల ఫోమ్ కప్పులు పట్టుకుని మత్తుగా కళ్లు వాల్చింది. కప్పులో ఉన్నది ద్రాక్ష సోడా. ఆ మందు చుక్క కూడా ఆమె జన్మలో ముట్టలేదు. నాలుగన్న లెక్క ప్రాస కోసం పడింది. మూడంటే పాట కుంటుతుంది మరి!

పిన్ని కొడుకు క్వెంటెల్‌కి పదిహేనేళ్లు. వాడు ఆ పాటను వంటల పుస్తకంలా పట్టుకున్నాడు. లెక్క తప్పకుండా నాలుగూ పోసుకుని తాగేశాడు. స్నానాలగదిలో పెదాలు నీలంగా మారి పడి ఉంటే అమ్మమ్మ భుజంతో తలుపు బద్దలు కొట్టింది. ఆసుపత్రిలో మూడు రోజులు యంత్రమే వాడికి ఊపిరి పోసింది.

చర్చిలో పాస్టరుగారు ఊరుకుంటారా? పేరెత్తకుండానే జరీసాను ఉతికి ఆరేశారు. ఈ పాటలే పిల్లల్ని మింగేస్తున్నాయట. ఆమె లేచి నిలబడింది.

"పాట నాది, పాస్టరుగారూ. తప్పూ నాదే, కాదనను. కానీ సీసా నేనివ్వలేదు. ఈ ముందు వరసలో పెద్దోళ్లున్నారే, వాళ్లిళ్లల్లో మందుల అలమారాలు తెరిచి చూడండి. పాడ్డం మాత్రం మానను. ఆ మాట నన్నడగొద్దు."

అమ్మమ్మ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. ముందు వరస వాళ్లెవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

క్వెంటెల్ ఇంటికొచ్చాడు. వాడికి బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటే.

"నాకు ఒంటికి పడలేదక్కా, అంతే. నువ్వు రోజూ తాగి రాయిలా ఉన్నావు కదా. ఈసారి కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటా."

"నేను తాగలేదురా వెధవా! అది ద్రాక్ష సోడా."

"అమ్మమ్మ చెప్పమందా?"

"దేవుడి మీద ఒట్టు."

"సర్లే." వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జరీసాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది. ఇంకోసారి తలుపు బద్దలయ్యేసరికి ఆలస్యమైతే? నాలుగు గోడల మధ్య ఎన్ని ఒట్లు పెట్టినా వాడు నమ్మడు. చెప్పినందుకు ఇక్కడ ఆమెకు పోయేదేమీ లేదు. పేరు పోయే చోట చెప్తేనే వాడు నమ్ముతాడు.

ఆదివారం సాయంత్రం పార్కు పక్కన మిఠాయిల్లా మెరిసే రంగుల కార్లు బారులు తీరాయి. ప్రతి ఆదివారం అక్కడ పాటలు వేసే పెద్ద లూథర్ తన కారు డిక్కీలోని స్పీకర్లలో ఆమె పాటనే బాగా నెమ్మది చేసి వేస్తున్నాడు. ఇక్కడ పాటలన్నిటికీ అదే మర్యాద. జరీసా క్వెంటెల్‌ను చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి, లూథర్ కారు బానెట్ ఎక్కి మైకు అందుకుంది. రెండో చేతిలో రెండు కప్పులు. జనం ఈలలు వేశారు.

"లూథరన్నా, ఇది తాగు."

లూథర్ గుటకేసి మొహం చిట్లించాడు. "ఇది ఉత్త సోడానే!"

"వీడియోలోనూ ఇదే. ఎప్పుడూ ఇదే. నాలుగంటే ఎంతో కూడా నాకు తెలీదు. ప్రాస కుదిరింది, పెట్టేశా."

"దొంగ పిల్ల!" ఎవడో అరిచాడు. "వెళ్లి పాలు తాగు!" అని ఇంకొకడు. నవ్వులు కారు నుంచి కారుకి పాకాయి. జరీసా కిందికి దిగలేదు.

"ఉన్న పేరంతా మట్టిలో కలుపుకుంటున్నావే చెల్లెమ్మా," అన్నాడు లూథర్ నెమ్మదిగా.

"కలవనీ. మళ్లీ తెచ్చుకుంటా. బీటు వెయ్యన్నా. ఈసారి నెమ్మది చెయ్యకు, అసలు వేగంలో వెయ్యి."

బీటు పడింది. స్నానాలగది తలుపు గురించి పాడింది, అమ్మమ్మ భుజం గురించి, యంత్రం శబ్దం గురించి. సగం మంది ఇంకా నవ్వుతున్నారు. సగం మంది ఆపేశారు.

పాట మధ్యలో క్వెంటెల్ ముందుకొచ్చాడు. లూథర్ చేతిలోంచి కప్పు లాక్కుని తాగాడు. మళ్లీ తాగాడు.

"దీని కోసమా అక్కా నేను చచ్చిపోబోయింది?"

జరీసా పాట ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బానెట్ మీదే మోకాళ్ల మీద కూర్చుని మైకు వాడి నోటి దగ్గర పెట్టింది.

"గట్టిగా చెప్పరా. అందరికీ వినపడాలి."