కలిపినవాడి పేరు

“వదినా, నీ తూకాల ప్రోగ్రాంలో నాది కూడా ఓ ముక్క కలిపా. పత్తి కొట్లన్నిటికీ ఇచ్చేశా,” అన్నాడు మా మరిది వీరాంజనేయులు. నేను రోట్లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను. ఏం ముక్కో చెప్పకుండానే స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా, పత్తి వేసే కోటమ్మ పిన్ని మా గడపలో నిలబడింది. చేతిలో కాటా చీటీ.

“ఏందమ్మా లీలావతీ, నీ మిషన్ నా పత్తి తింటంది? బస్తాకి రెండు కిలోలు ఏమైనయ్?”

చీటీ అడుగున నా పేరే ఉంది.

నరసరావుపేట పత్తి కొట్లకి తూకాల ప్రోగ్రాం రాసింది నేను. మా ఆయన నడిపే కంప్యూటర్ సెంటర్‌కి క్యారేజీ పట్టుకెళ్లి, ఆయన తిని కునుకు తీసే వేళల్లో రాశాను. అడిగినవాళ్లకల్లా ఫ్లాపీ ఊరికే ఇచ్చాను. లోపలి రాతంతా కనపడేట్టే ఇచ్చాను, కావాల్సింది కలుపుకోండని.

సెంటర్‌కి వెళ్లి, మరిది కొట్లకిచ్చిన ఫ్లాపీ తెరిచాను. అతని ముక్క దొరికింది. బస్తా బస్తాకీ తరుగు కింద రెండు కిలోలు కోస్తోంది. చీటీ మీద మాత్రం తరుగన్న మాటే పడదు.

“కొట్లవాళ్లు అడిగితే చేశాడు. ఇంట్లో మనిషేగా, సర్దుకో,” అన్నాడు మా ఆయన ధనుంజయరావు. “పేరు నీదే ఉంచాడుగా, ఇంకేం కావాలి?”

ఆ మాట గుచ్చుకుంది. ఈ ఇంట్లో నా రోజుకీ అందరూ ముక్కలు కలుపుతూనే ఉన్నారు. అత్తగారి ఉపవాసానికి వేరే ఫలహారం, మరిది చొక్కాలకి ఇస్త్రీ, ఈయన చెప్పాపెట్టకుండా భోజనానికి తెచ్చే స్నేహితులు. కుదిరితే అది వాళ్ల మర్యాద. కూరలో ఉప్పెక్కువైతే లీలావతి. కలపొద్దని నేనెప్పుడూ అనలేదు, ఇకముందూ అనను. కానీ కలిపినవాడు కనపడాలి.

కూర్చుని కొత్త ఫ్లాపీ చేశాను. ఎవరైనా ఏదైనా కలపొచ్చు, నా రాతలో కాదు, పక్కన వేరుగా. కలిపినవాడి పేరు, ఆ ముక్క చేసే పని చీటీ మీద పడితేనే నడుస్తుంది. మరిది ముక్కనీ అలాగే అతని పేరుతో పక్కన పెట్టి, కొట్టుకొట్టుకీ నేనే తిరిగి ఇచ్చాను.

“మాకు పాతదే బాగుంది,” అన్నాడొక షావుకారు.

“వాడుకోండి. నా పేరు మాత్రం తీసేయండి. ఎందుకు తీయించానో రైతులకి నేను చెప్పుకుంటా.”

కొత్తది తీసుకున్నాడు.

“వదినా, చీటీల మీద నా పేరేంది? కోటమ్మ నడిబజార్లో నా స్కూటరాపింది!” మరిది మొహం కందగడ్డయింది.

“ముక్క నీదే కదయ్యా.”

ఆదివారం మా ఆయన వీధిలోంచే కేకేశాడు. “ఏమే, వినుకొండ నుంచి మనవాళ్లు నలుగురొచ్చారు, భోజనాలు!”

అందరికీ మంచినీళ్లిచ్చాను. “కూర్చోండి అన్నయ్యా, ఇవాళ వంట మీ స్నేహితుడిది,” అని బియ్యం కొలిచే డబ్బా ఆయన చేతిలో పెట్టాను. తెల్లబోయి చూశాడు.

“పేరు మీదే ఉంచాగా,” అన్నాను. “ఇంకేం కావాలి?”